ఇంపీరియల్ స్టౌట్‌ను రుచి చూడటం: సీసా ఎంపిక నుంచి చివరి గుక్క దాకా

ఫ్రిజ్‌లోంచి తీసిన ఇంపీరియల్ స్టౌట్‌ని అలాగే చల్లగా, గబగబా తాగేస్తే నోటికి తెలిసేది మాడిన చేదు, దాని వెనకే ఆల్కహాల్ ఘాటు. అంతకుమించి ఏమీ దొరకదు. అదే సీసాని ముందు పెట్టుకుని, చల్లదనం తగ్గుతున్నకొద్దీ గంటసేపు తాగితే కాఫీ, చాక్లెట్, ముదురు పాకం, ఎండు ఖర్జూరం ఒకదాని తర్వాత ఒకటి బయటికొస్తాయి. ఈ బీరు విషయంలో గ్లాసు, భోజనం, పదాల పట్టికలు అన్నీ ఉష్ణోగ్రత తర్వాతే. కింద చెప్పే పద్ధతి ఒక సీసాకి, ఇద్దరు మనుషులకి, ఓ గంట సమయానికి సరిపోతుంది.

ముందు ఇది ఏం బీరో తెలుసుకోండి

స్టౌట్ అంటే నల్లగా వేయించిన గింజతో చేసే ముదురు రంగు బీరు. ఆ పేరు వినగానే చాలామందికి గుర్తొచ్చేది ఐర్లండ్ వారి గిన్నిస్. డ్రాఫ్ట్ గిన్నిస్‌లో ఆల్కహాల్ 4.2 శాతమే. చూడ్డానికి నల్లగా ఉన్నా తాగడానికి తేలికైన బీరు అది. ఇంపీరియల్ స్టౌట్ దారి వేరు. బీరు పోటీల్లో న్యాయనిర్ణేతలు వాడే బీజేసీపీ ప్రమాణాల ప్రకారం దీనిలో ఆల్కహాల్ 8 నుంచి 12 శాతం దాకా ఉంటుంది, చేదు 50 నుంచి 90 ఐబీయూ (బీరు చేదుని కొలిచే ప్రమాణం) దాకా వెళ్తుంది.

18వ శతాబ్దంలో లండన్ బ్రూవరీలు బాల్టిక్ సముద్రం మీదుగా రష్యాకి పంపిన పోర్టర్ అనే గట్టి ముదురు రంగు బీరు దీనికి మూలం. సదర్క్‌లోని త్రేల్ వారి ఆంకర్ బ్రూవరీ, 1781లో దాన్ని కొన్న బార్క్‌లీ పెర్కిన్స్ ఈ వ్యాపారంలో పెద్ద పేర్లు. రష్యా మహారాణి కోసం ప్రత్యేకంగా కాచిన పోర్టర్ తాగాననీ, అది ఏడేళ్లు నిలవ ఉంటుందని చెప్పారనీ జోసెఫ్ ఫారింగ్టన్ అనే చిత్రకారుడు 1796లో డైరీలో రాసుకున్నాడు. ఆ మహారాణి కేథరిన్. బీరు పేరులోని ఇంపీరియల్ ఆ దర్బారు నుంచి వచ్చిందే.

నలుపు సంగతి కూడా తెలిసి ఉంటే రుచి చూసేటప్పుడు పనికొస్తుంది. 1817లో డేనియల్ వీలర్ అనే ఆయన మాల్టుని (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని) డ్రమ్ములో తిప్పుతూ నల్లగా వేయించే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. దాంతో కొద్దిపాటి నల్ల మాల్టు వేస్తే చాలు, కాచిన బీరు మొత్తానికీ రంగు వచ్చేసేది. ఇప్పటికీ అంతే. మీ గ్లాసులో ఉన్న నల్లటి బీరులో ఎక్కువ భాగం లేత రంగు మాల్టుతో చేసిందే. నల్లగా వేయించిన మాల్టు, బార్లీ కలిపి పదో వంతుకి అటూ ఇటూ ఉంటాయి. అందువల్ల ఆ నలుపు వెనక రొట్టె రుచి, తేనె లాంటి తీపి దాగి ఉంటాయి. మీరు వెతకాల్సింది వాటిని కూడా.

సీసా ఎంపిక

మొదటిసారి సాదా ఇంపీరియల్ స్టౌట్‌తోనే మొదలుపెట్టండి. బర్బన్ విస్కీ పీపాల్లో నిలవ చేసినవి, వెనీలా, కొబ్బరి, లాక్టోజ్ అనే పాల చక్కెర కలిపి కేకుని తలపించేలా చేసేవి తర్వాత చూడొచ్చు. వాటిలో పీపా రుచో, కలిపిన దినుసుల రుచో ముందు నిలబడిపోయి, గింజ రుచి ఏదో తెలుసుకోనివ్వవు.

నేను సూచించేది కాలిఫోర్నియాలోని ఫోర్ట్ బ్రాగ్ ఊళ్లో నార్త్ కోస్ట్ బ్రూయింగ్ తయారుచేసే ఓల్డ్ రస్పుటిన్. 9 శాతం ఆల్కహాల్, 75 ఐబీయూ చేదు. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకి దీన్ని వెతకడం పెద్ద కష్టం కాదు. ఇంగ్లండ్‌లో ఉంటే యార్క్‌షైర్‌లోని టాడ్‌కాస్టర్ నుంచి వచ్చే శామ్యూల్ స్మిత్ ఇంపీరియల్ స్టౌట్ తీసుకోండి. అది 7 శాతమే, కాస్త మెత్తగా, పండ్ల వాసనతో ఉంటుంది. మనకి దగ్గర్లో శ్రీలంక వారి లయన్ స్టౌట్ ఉంది, 8.8 శాతం. కొలంబో వెళ్లే పని పడితే తప్పక రుచి చూడండి.

భారత్‌లో ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం బీరులో ఆల్కహాల్ 8 శాతం వరకే ఉండొచ్చు. హైదరాబాద్ బ్రూపబ్‌లలో స్టౌట్ తాగేవాళ్లు ఈ తేడా గుర్తుంచుకోవాలి. అయినా కింది పద్ధతి ఆ బీరుకీ పనిచేస్తుంది, ఒక్క ఆల్కహాల్ వెచ్చదనం మాత్రం తక్కువగా తెలుస్తుంది.

మోతాదు గురించి ఒక లెక్క చెప్తాను. ఓల్డ్ రస్పుటిన్ సీసా 355 మి.లీ. దానిలో 9 శాతం అంటే సుమారు 32 మి.లీ. అసలు ఆల్కహాల్. మన దగ్గర దొరికే 650 మి.లీ. పెద్ద సీసా బీరు, 5 శాతం ఉన్నది, తీసుకుంటే దానిలోనూ దాదాపు అంతే. చిన్న సీసా కదా అని రెండు తెరిస్తే రెండు పెద్ద సీసాలు తాగినట్టే. అందుకే ఇద్దరు పంచుకోమంటున్నాను. బండి తాళాలు ఆ రాత్రికి పక్కన పెట్టేయండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, అమెరికా మూడు చోట్లా 21 ఏళ్లు నిండాకే ఇదంతా.

గ్లాసు, థర్మామీటరు, ఆరు గిన్నెలు

గ్లాసు అడుగున వెడల్పుగా, మూతి దగ్గర లోపలికి ఉండాలి. బ్రాందీ గ్లాసు, ట్యూలిప్ గ్లాసు బాగుంటాయి. లేకపోతే వైన్ గ్లాసు చాలు. నిలువు గ్లాసులో వాసన నిలవదు, పైకి పోతుంది. గ్లాసుని వేడినీళ్లతో రెండుసార్లు కడిగి బోర్లించి ఆరనివ్వండి. వంటింటి గుడ్డతో తుడవకండి. గుడ్డకున్న నూనె జిడ్డు కొంచెం అంటుకున్నా నురుగు చచ్చిపోతుంది, పోపు వాసన బీరు వాసనలో కలుస్తుంది.

వంటకి వాడే సన్నటి థర్మామీటరు ఉంటే పక్కన పెట్టుకోండి. లేకపోతే గడియారం చాలు.

ఇక ఆరు చిన్న గిన్నెలు. ఈ ఏర్పాటు లేకుండా రుచి చూడటం మొదలుపెట్టొద్దని నా గట్టి అభిప్రాయం. ముక్కుకి వాసన తగులుతుంది కానీ పేరు నోటికి రాదు, దాన్ని వెతుక్కోవడంలోనే సగం సమయం పోతుంది. ఎదురుగా అసలు వస్తువు ఉంటే ఆ ఇబ్బంది తీరిపోతుంది. ఒక గిన్నెలో చికోరీ కలపని కాఫీ పొడి. అరకు కాఫీ ఉంటే మరీ మంచిది. రెండో దానిలో 70 శాతం పైబడిన డార్క్ చాక్లెట్ ముక్క, మూడో దానిలో తాటిబెల్లం. నాలుగో దానిలో గింజ తీసి చిదిమిన ఖర్జూరం, నాలుగు నల్ల ఎండుద్రాక్షలు. అయిదో దానిలో పెనం మీద నల్లగా మాడ్చిన బ్రెడ్డు ముక్క. ఆరో దానిలో రెండు చుక్కల సోయా సాస్. సోయా సాస్ ఎందుకో లోపాల దగ్గర చెప్తాను.

సీసా తెరవక ముందే ఒక్కో గిన్నె దగ్గర ముక్కు పెట్టి వాసన చూడండి. ముఖ్యంగా కాఫీ పొడికీ మాడిన బ్రెడ్డుకీ మధ్య నాలుగైదుసార్లు అటూ ఇటూ తిరగండి. రెండూ వేయించిన వాసనలే. అయితే కాఫీలో ఒక తియ్యదనం, నూనె మెరుపు ఉంటాయి. మాడిన బ్రెడ్డులో పొగ, బూడిద ఉంటాయి. మంచి స్టౌట్‌లో మొదటిది ఎక్కువగా, రెండోది అంచులో కొద్దిగా ఉండాలి. ఈ ఒక్క తేడా పట్టుబడితే మిగతాది సులువు.

పోయడం, చూడటం

సీసాని ఫ్రిజ్‌లో నిలువుగా ఉంచండి. తీశాక మూత తీయకుండా ఇరవై నిమిషాలు బల్ల మీద పెట్టండి. 8 డిగ్రీల దగ్గర మొదలుపెట్టాలన్నది లక్ష్యం. గ్లాసుని వంచి సగం, నిటారుగా పెట్టి మిగతా సగం, ఒక్కొక్కరికీ 100 మి.లీ. మాత్రమే పోయండి. కొన్ని సీసాల అడుగున ఈస్ట్ మడ్డి ఉంటుంది. అందుకే పోసేటప్పుడు సీసాని కుదపొద్దు, చివరి రెండు చెంచాలు అందులోనే వదిలేయండి.

చూడాల్సింది తక్కువే. నురుగు తెల్లగా కాకుండా గోధుమ రంగులో ఉండాలి. ఆల్కహాల్ ఎక్కువ కాబట్టి త్వరగా దిగిపోవచ్చు, అది తప్పు కాదు. గ్లాసుని వంచి దీపానికి ఎదురుగా పెడితే అంచున బీరు పలచబడ్డ చోట ముదురు ఎరుపో, కాఫీ రంగో కనిపిస్తుంది. గ్లాసుని ఒకసారి తిప్పి ఆపితే గోడల మీద ధారలు మెల్లగా జారతాయి. ఇంతే. రంగు చూసి రుచి ఊహించకండి, నలుపు నాణ్యతకి కొలత కాదు.

వాసన

ముందు గ్లాసుని ముక్కుకి జానెడు దూరంలో ఒకసారి అటూ ఇటూ కదపండి. అప్పుడు తగిలేవి తేలికైన వాసనలు. తర్వాత దగ్గరికి తెచ్చి చిన్న చిన్న పీల్పులు, రెండు మూడు. గట్టిగా దీర్ఘంగా పీలిస్తే ఆల్కహాల్ ముక్కుని మొద్దుబారుస్తుంది. మొద్దుబారినట్టు అనిపిస్తే మీ చొక్కా చేతి దగ్గర వాసన చూడండి. మీ ఒంటి వాసన ముక్కుకి అలవాటైనది కాబట్టి అది మళ్లీ తేరుకుంటుంది.

8 డిగ్రీల దగ్గర ఓల్డ్ రస్పుటిన్‌లో ముందొచ్చేది వేయించిన వాసన. కాఫీ, దాని వెనక డార్క్ చాక్లెట్. పండ్ల వాసన ఇంకా రాదు, దాని కోసం తొందరపడొద్దు. ఇప్పుడు ఎంత తెలిసిందో అంతే కాగితం మీద రాసి, 12 డిగ్రీల దగ్గర మళ్లీ చూడండి.

మూడు విడతల గుక్కలు

అసలు పని ఇక్కడుంది. మూడు విడతలు: 8 డిగ్రీలు, 12 డిగ్రీలు, 16 డిగ్రీలు. గది 22 డిగ్రీల దగ్గర ఉంటే విడతకీ విడతకీ మధ్య పదిహేను, ఇరవై నిమిషాలు పడుతుంది. వేసవి ఇల్లయితే ఇంకా త్వరగా వేడెక్కుతుంది. చలిదేశంలో ఉంటే గ్లాసు పొట్టని అరచేతిలో పట్టుకోండి.

మొదటి విడతలో రెండు గుక్కలు. మొదటి గుక్క గురించి ఏమీ ఆలోచించకండి, అది నోటిని సిద్ధం చేయడానికి. రెండో గుక్కకి ముందు వేళ్లతో ముక్కు మూసుకోండి. చెంచాడు బీరు నోట్లోకి తీసుకుని, నాలుకంతా తడిసేలా తిప్పి, మింగండి. ముక్కు మూసి ఉన్నంతసేపు కాఫీ లేదు, చాక్లెట్ లేదు. తీపి, చేదు, కాస్త పులుపు, ఈ మూడే తెలుస్తాయి. ఇప్పుడు ముక్కు వదిలి గాలిని మెల్లగా ముక్కులోంచి బయటికి వదలండి. కాఫీ, చాక్లెట్, మాడిన అంచు అన్నీ ఒక్కసారిగా వచ్చేస్తాయి. మనం రుచి అనుకునేదానిలో ఎంత భాగం వాసనో ఈ ఒక్క గుక్కతో తెలిసిపోతుంది. దీన్ని కొత్తవాళ్లకి చేయించినప్పుడు వాళ్ల మొహంలో కనిపించే ఆశ్చర్యం చూడటం నాకు చాలా ఇష్టం.

రెండో విడత, 12 డిగ్రీల దగ్గర, విడదీసే పని. ఈ బీరులో నోటికి గట్టిగా తగిలేవి నాలుగు. మొదటిసారి తాగేవాళ్లు నాలుగింటినీ కలిపి చేదు అనేస్తారు.

ఒకటి, వేయించిన గింజ చేదు. కాఫీ వాసనతో జంటగా వస్తుంది. మింగిన వెంటనే ఉంటుంది, మెల్లగా తగ్గుతుంది. రెండు, హాప్స్ (బీరులో చేదు కోసం వేసే పూలు) చేదు. ఇది మింగాక పెరుగుతుంది, ఆకు పసరు వాసన తోడుంటుంది, గొంతు మొదట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. 75 ఐబీయూ ఉన్న బీరులో దీన్ని వెతకాల్సిన పని లేదు, కాస్త ఆగితే అదే వస్తుంది. మూడు, పులుపు. నల్లగా వేయించిన గింజలకి ఆమ్ల గుణం ఉంటుంది. లండన్, డబ్లిన్ నీళ్లలో ఉన్న బైకార్బొనేట్ ఆ పులుపుని అదుపులో పెట్టడం వల్లే ఆ ఊళ్లలో నల్ల బీరు అంత బాగా కుదిరింది. నాలుగు, వగరు. ఇది నేరేడు పండు తిన్నాక నాలుక పట్టేసినట్టు ఉండే అనుభూతి.

పులుపుకీ వగరుకీ తేడా తెలియకపోతే సులువైన పరీక్ష ఉంది. మింగి పది లెక్కపెట్టండి. దవడల పక్క నుంచి నోరూరితే అది పులుపు. చిగుళ్ల మీద నాలుక రుద్దుకుని నోరు ఎండినట్టుంటే వగరు. కొంచెం పులుపు మంచిదే, అది లేకపోతే ఇంత చిక్కటి బీరు మొహం మొత్తిస్తుంది. వగరు ఎక్కువైతే మాత్రం గింజల పొట్టు నుంచి అవసరానికి మించి రసం దిగిందని అనుకోవచ్చు.

అన్నట్టు, నాలుక కొసన తీపి, వెనక చేదు అంటూ పాఠ్యపుస్తకాల్లో వేసే బొమ్మని నమ్మకండి. నాలుకలో రుచి తెలిసే ప్రతి చోటా అన్ని రుచులూ తెలుస్తాయి. అందుకే బీరుని నాలుకంతా పరచాలి.

మూడో విడత, 16 డిగ్రీలు. చాలామంది ఇక్కడిదాకా రాకముందే గ్లాసు ఖాళీ చేస్తారు, అది నిజంగా నష్టం. ఇప్పుడు వేయించిన వాసన వెనక్కి జరుగుతుంది. ఎండుద్రాక్ష, ఖర్జూరం వాసన పైకొస్తుంది. ఈస్ట్ పులియబెట్టేటప్పుడు పుట్టే ఎస్టర్లు అనే పండ్ల వాసన పదార్థాలు, ముదురు రంగు మాల్టు కలిస్తే వచ్చే వాసన అది. తాటిబెల్లం గిన్నె వాసన మళ్లీ ఒకసారి చూసి గుక్క తీసుకోండి, లేత మాల్టు తీపి ఎక్కడుందో తెలుస్తుంది. మింగాక ఛాతీలో వెచ్చదనం మెల్లగా పరుచుకోవాలి. అది మంటగా, గొంతు గీసినట్టు ఉంటే మంచిది కాదు.

చిక్కదనం కూడా ఈ విడతలోనే చూడండి. గ్యాస్ కొంత పోయాక బీరు నాలుక మీద ఎంత బరువుగా ఉందో, ఎంత నున్నగా జారుతుందో తెలుస్తుంది. ఈ రకం బీరులో పులియకుండా మిగిలిపోయే చక్కెరలు, పిండిపదార్థాలు ఎక్కువ, చిక్కదనం వాటిదే.

లోపాలు

సోయా సాస్ గిన్నె ఇప్పుడు పనికొస్తుంది. బీరులో ఆ వాసన స్పష్టంగా ఉంటే చచ్చిపోయిన ఈస్ట్ విచ్ఛిన్నమైందనో, సీసా బాగా పాతబడిందనో, వేడిలో ఉందనో అర్థం. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే గాలి తగిలి చెడింది. గోళ్ల రంగు వాసన వస్తే పులియబెట్టడంలో తేడా జరిగింది. వెన్న వాసన గట్టిగా ఉన్నా అంతే. నిమ్మకాయంత పులుపు ఉంటే బ్యాక్టీరియా చేరింది. ఇలాంటివి కనిపిస్తే ఆ బ్రూవరీ మీద తీర్పు ఇచ్చేయకండి, మరో దుకాణం నుంచి ఇంకో సీసా చూడండి. పాతబడ్డ వాసనల్లాంటి లోపాలు చాలాసార్లు రవాణాలోనూ, ఎండ పడే దుకాణపు అరల్లోనూ పుడతాయి.

రాసుకోవడం

బాగుంది, స్ట్రాంగ్‌గా ఉంది అని రాస్తే ఆర్నెల్ల తర్వాత ఏమీ గుర్తురాదు. ఉష్ణోగ్రత, ఆ సమయంలో తెలిసింది, ఏది ముందు ఏది తర్వాత అన్న వరస, ఈ మూడూ ఉంటే చాలు. ఓల్డ్ రస్పుటిన్‌కి నేను రాసుకునే తీరు ఇలా ఉంటుంది:

8 డిగ్రీలు: గోధుమ రంగు నురుగు, మీగడలా నున్నగా. పాలు లేని గట్టి కాఫీ, అంచున మాడిన బ్రెడ్డు. తీపి దాదాపు తెలియదు. చేదు నేరుగా వస్తుంది.

12 డిగ్రీలు: డార్క్ చాక్లెట్ ముందుకొచ్చింది, కాఫీ దాని వెనక. మింగాక హాప్స్ చేదు పెరిగి చాలాసేపు నిలిచింది. పులుపు కొద్దిగా, వగరు లేదు.

16 డిగ్రీలు: ఎండుద్రాక్ష, తాటిబెల్లం. వెచ్చదనం ఛాతీ దాకా, మంట లేదు. చివర్లో మళ్లీ కాఫీ చేదే.

మీకు ఖర్జూరం బదులు పనసతొన వాసన వస్తే అదే రాయండి. సీసా మీది వర్ణనతో సరిపోల్చుకుని దిద్దుకోవద్దు.

పక్కన ఏం పెట్టాలి

రుచి చూసే గంటలో ఏమీ వద్దు, నీళ్లు చాలు. మిగిలిన బీరుతో తినడానికైతే లండన్, డబ్లిన్‌లలో పాత జోడీ ఆల్చిప్పలు. స్టిల్టన్ లాంటి నీలి చీజ్ ఉప్పదనం ఈ చేదుకి బాగా నప్పుతుంది. మన వంటింటి నుంచి నేను ఎంచేది నువ్వుండలు. వేయించిన నువ్వులు, బెల్లం రెండింటికీ ఈ బీరులో బంధువులున్నాయి. ఉప్పు చల్లి వేయించిన వేరుశనగలూ సరే. గులాబ్ జామూన్ పెట్టకండి, అంత తీపి తర్వాత బీరు ఉత్త పులుపుగా, చేదుగా తోస్తుంది. కారం అసలు వద్దు. నోట్లో మిరప మంటని పట్టే గ్రాహకాన్నే ఆల్కహాల్ కూడా రెచ్చగొడుతుంది. 9 శాతం బీరు పక్కన గుంటూరు మిరప వేపుడు పెడితే మంట రెట్టింపై, బీరు రుచి పూర్తిగా మునిగిపోతుంది.

నిలవ

ఒకటి నచ్చితే మూడు కొనండి. ఒకటి ఇప్పుడు, ఒకటి ఏడాదికి, ఒకటి మూడేళ్లకి. నిలవ ఉన్నకొద్దీ హాప్స్ చేదు తగ్గుతుంది, వేయించిన అంచు మెత్తబడుతుంది, షెర్రీ, పోర్ట్ వైన్‌లని తలపించే ఎండుపండ్ల వాసన పెరుగుతుంది. సీసా నిలువుగా, చీకట్లో, 10 నుంచి 13 డిగ్రీల మధ్య, ఉష్ణోగ్రత మారకుండా ఉండాలి. విజయవాడ ఎండల్లో అల్మరాలో పెడితే ఇది కుదిరేది కాదు. అక్కడ ఫ్రిజ్ కింది అరే నయం, నిలవ మార్పు నెమ్మదిగా జరుగుతుంది కానీ చెడదు. 5 శాతం స్టౌట్‌ని ఇలా దాచొద్దు. అలాగే కాఫీ కలిపి చేసిన స్టౌట్‌నీ దాచొద్దు. నెలలు గడిచేకొద్దీ ఆ కాఫీ వాసన పోయి పచ్చి క్యాప్సికం వాసన వస్తుంది. అవి కొన్న నెలలోపే తెరిచేయండి.